మగ్గు ఎవరిది

పోయినవాళ్ళ గురించి వాళ్ళింట్లో కూర్చుని చెప్పే మాట నిజమే అయి ఉండాలా? ఏడాది పైనుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఉండాలని ఒకరోజు, అక్కర్లేదని మరునాడు అనుకుంటున్నాను. రెండింటికీ నా దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

ఇది మా వీధి చివర ఉండే చీఫ్ గారివల్ల వచ్చిన తంటా. నేవీలో మాస్టర్ చీఫ్‌గా రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ కాలం సబ్‌మెరైన్లలోనే. ఆయన మాత్రం సబ్‌మెరైన్ అనరు, ‘బోటు’ అంటారు. విశాఖలో మర్రిపాలెం, మల్కాపురం, గాజువాక వైపు ఇలాంటి పెద్దవాళ్ళు వీధికొకరైనా కనబడతారు. మన మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న, అప్పటి సోవియట్ దేశంలోని రిగాలో, నౌకాదళంలో చేరింది. ఆ తొలినాళ్ళలో మీసాలు సరిగ్గా రాకుండానే బోటెక్కిన కుర్రాళ్ళు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూగా ఉన్నారు. ఒక్కొక్కరే పోతున్నారు. పోవడం సముద్రంలో కాదు. షుగరు, గుండె, బాత్రూములో జారిపడ్డం. ఈ చావులకు పేపర్లో ఫొటో రాదు, ఊళ్ళో ఫ్లెక్సీ కట్టరు. వాట్సాప్‌లో కబురు వస్తుంది, అంతే. చీఫ్ గారికి మోకాళ్ళ నొప్పులు, బండి నడపలేరు. పలకరింపులకు నా స్కూటరు వెనక కూర్చుని వస్తారు. ఆ విధంగా నాకేమీ కానివాళ్ళ ఇళ్ళలో, టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవడం నాకు అలవాటైంది.

మర్రిపాలెంలో ఒకాయన పోయారు. ఆయన భార్య లోపలి గదిలో చాప మీద, గోడకి జేరగిలబడి ఉంది. కళ్ళల్లో తడి లేదు. చీఫ్ గారు “వదినగారూ” అంటూ ఎదురుగా కూర్చోగానే ఆవిడ ముందుగా అన్న మాట ఇది: “అక్కడ ఈయన ఏం చేసేవారో నాకు తెలీదు అన్నయ్యగారూ. ఎప్పుడెళ్తారో చెప్పేవారు కాదు. ఎక్కడికెళ్ళారో వచ్చాక కూడా చెప్పేవారు కాదు. బట్టలు మాత్రం విడిగా నానబెట్టేదాన్ని. డీజిలు కంపు. ఎన్నిసార్లు జాడించినా పోయేది కాదు.”

అప్పుడు చీఫ్ గారు చెప్పడం మొదలుపెట్టారు. బోటు లోతుకు దిగి చాలా రోజులైంది. చప్పుడు కాకూడదని మిషన్లన్నీ ఆపేశారు. గాలి ఆడదు, ఇనప గోడలు చెమటలు కక్కుతున్నాయి. మంచినీళ్ళు కొలిచి పోస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాడొకడికి ఒళ్ళు కాలిపోతూ జ్వరం. రాత్రి పూట లోపల ఎర్ర దీపాలే. ఆ ఎర్రటి చీకట్లో ఒక మనిషి వచ్చి, కుర్రాడి బంకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన వంతు నీళ్ళలో గుడ్డ తడిపి, వాడి మొహం, మెడ తుడుస్తూ ఉండిపోయాడు. డ్యూటీ దిగి వచ్చినవాడు, నిద్ర పోవలసినవాడు. ఆ నీళ్ళు తెచ్చింది తెల్లటి ఎనామిల్ మగ్గులో. దానికి ఆకుపచ్చ అంచు. పిడి దగ్గర పెచ్చు ఊడి లోపలి నలుపు కనబడుతుంది.

“ఆ మనిషి మీ ఆయనేనమ్మా” అన్నారు.

ఆవిడ ఏడ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారని ఆవిడ తమ్ముడు బయట మాతో చెప్పాడు. మేము వచ్చినందుకు చేతులు పట్టుకున్నాడు.

చలి మొదలయ్యాక గాజువాకలో ఇంకొకాయన పోయారు. అక్కడా చీఫ్ గారు కూర్చున్నారు, గొంతు సవరించుకున్నారు. అదే జ్వరం, అదే ఎర్ర దీపం, అదే మగ్గు. ఆకుపచ్చ అంచు. పిడి దగ్గర ఊడిన పెచ్చు. “ఆ మనిషి మీ ఆయనేనమ్మా.” నేను తలెత్తకుండా గచ్చు మీద చెప్పుల మరకలు చూస్తూ కూర్చున్నాను.

ఈసారి తల్లి ఏమీ అనలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు అంది: “మా నాన్న ఏనాడూ తన మంచినీళ్ళు తను ముంచుకు తాగలేదు అంకుల్. అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా మంచం దగ్గరికి వచ్చి ‘వంటెవరు చేస్తారు’ అని అడిగాడు.”

తిరిగి వస్తుంటే ఎన్.ఏ.డి. కూడలి దగ్గర టీకి ఆపి అడిగేశాను. చీఫ్ గారు తడుముకోలేదు. “జ్వరం వచ్చింది నాకండీ. ఎవరో నాకు తెలీదు. దీపం ఎరుపు, కళ్ళు మూతలు. మగ్గు కనబడింది, మొహం కనబడలేదు. తగ్గాక అడుగుదామంటే సిగ్గు. ఆ చేసినాయన నేనేనని చెప్పుకోలేదు. బోట్లో డెబ్బై పైచిలుకు మందిమి. వాళ్ళలో ఎవరో ఒకరు.”

“అయితే ప్రతి ఇంట్లోనూ...”

“ఒక్క ఇంట్లోనైనా నిజమవుద్ది కదండీ.”

ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇది అబద్ధమా? లోతుగా చూస్తే అబద్ధమే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం. కానీ పలకరింపులో మనం చెప్పేవాటిల్లో తెలిసి చెప్పేవి ఎన్ని? శవం వెంట వ్యాన్లో ఘంటసాల భగవద్గీత పెడతాం. ఆత్మకు చావు లేదంటాం. ఆ గీతను స్వయంగా కృష్ణుడి నోటినుంచి విన్న అర్జునుడే అభిమన్యుడు పోయిన సాయంత్రం కుప్పకూలిపోయాడు. పద్దెనిమిది అధ్యాయాలు ఒక్క రాత్రికి కూడా అక్కరకు రాలేదు. వ్యాను స్పీకర్లోంచి విన్నవాళ్ళకి వస్తుందా? ఇంక రెండో మాట, “క్షణంలో పోయారు, బాధ తెలియలేదు”. ఇది మరీ అన్యాయమైన మాట. ఎందుకంటే విన్నవాళ్ళు దాన్ని పట్టుకుని బతుకుతారు, ఒక్కోసారి అది తిరగబడుతుంది.

2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో రష్యా జలాంతర్గామి కూర్స్క్ పేలి మునిగింది. అందులో 118 మంది. చాలామంది పేలుళ్ళతోనే పోయి ఉంటారని ఇళ్ళవాళ్ళు తమకు తాము చెప్పుకునే వీలుండేది. అక్టోబరులో డైవర్లు లోపలికి వెళ్ళి బయటికి తెచ్చిన శవాల్లో కెప్టెన్ లెఫ్టినెంట్ ద్మిత్రీ కొలెస్నికోవ్ ఒకడు. అతని జేబులో కాగితం ఉంది. వెనకవైపు తొమ్మిదో గదిలో 23 మంది పోగయ్యారని, వాళ్ళ పేర్లు, చీకట్లో తడుముకుంటూ రాస్తున్నానని. బతికే ఆశ ఇంచుమించు లేదని కూడా రాశాడు. అంటే క్షణంలో పోలేదు. గంటలు గడిపారు. ఆ కాగితం 23 ఇళ్ళకు మళ్ళీ చావు కబురు మోసుకెళ్ళింది. అయినా నేను ఆలోచించేది దాని చివరి మాట గురించే. అందరినీ పలకరించి, నిరాశ పడొద్దని రాసి సంతకం పెట్టాడు. పోతున్నవాడే ఉన్నవాళ్ళను ఓదార్చాడు, అదీ నిజం చెప్పేశాక. అలా చెయ్యొచ్చని అతను చూపించాడు కాబట్టి చీఫ్ గారి మగ్గు కథ తప్పే అని ఆ రోజు తీర్మానించుకున్నాను.

తీర్మానం నిలవలేదు. మన తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పడి ఉంది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం కరాచీ నుంచి వచ్చి, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పేలిపోయింది. ఆ రాత్రి కిటికీ అద్దాలు అదిరాయని చెప్పే పెద్దవాళ్ళు విశాఖలో ఇంకా ఉన్నారు. లోపల 93 మంది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన బాంబులకే మునిగిందని మనం అంటాం. తన మందుపాతరే తగిలిందో, లోపలే ఏదో పేలిందో అని వాళ్ళంటారు. ఏభై ఏళ్ళుగా అక్కడి ఇళ్ళలో ఒక కథ, బీచ్ రోడ్డు మీద స్మారకం దగ్గర ఇంకో కథ. వాళ్ళ పిల్లలకు ఓదార్పు దొరికి ఉంటే, అది నిజం దొరికినందువల్ల దొరికింది కాదు. ఓదార్పుకు నిజం అక్కర్లేదంటే, మరి 2017లో పోయిన అర్జెంటీనా బోటు శాన్ హువాన్ తాలూకు నలభై నాలుగు కుటుంబాలు ఏడాదిపాటు వీధుల్లో కూర్చుని వెతకండి, వెతకండి అని ఎందుకు అడిగాయి? వాళ్ళకు కథ వద్దు. ఎక్కడ పడి ఉందో చోటు కావాలి. ఒక్కో ఇంటి దుఃఖం ఒక్కోటి అడుగుతుంది. అది ముందే తెలుసుకుని వెళ్ళే దారి మాత్రం లేదు.

చీఫ్ గారు జ్వరంతో పడుకున్నలాంటి బంకులోంచి ఎదుటి మనిషి మొహం నిజంగానే కనబడదా అని ఒకసారి ఆర్.కె. బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఎక్కాను. చీఫ్ గారి బోటు అది కాదు గాని, అదే జాతిది. 1969లో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం మనిషి పక్కకి తిరిగితేనే దారి. ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి కంత. ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల ఆఖర్న తేవాలి. బంకులు ఒకదాని మీద ఒకటి అలమరలో అరల్లా ఉన్నాయి. వాటి పక్కన ఇద్దరు నిలబడితే ఒకరి ఊపిరి ఇంకొకరికి తగులుతుంది. వెనకాల స్కూలు పిల్లలు తోసుకొస్తుంటే పడుకుని చూడడం కుదిరే పని కాదు. గైడుగా ఉన్నాయన కూడా నేవీలో చేసినవారే. “ఇక్కడ మొహాలు చూసి గుర్తుపట్టక్కర్లేదు సార్, దగ్గు వింటే చాలు” అన్నాడు. అయితే చీఫ్ గారు గుర్తుపట్టే ఉండాలే? జ్వరంలో మనిషికి చెవులు మూసుకుపోతాయా? ఈ అనుమానం ఆయన దగ్గర ఎత్తలేదు. ఎత్తను కూడా.

నాకు ఎక్కువ గుచ్చుకున్నది గాజువాక అమ్మాయి మాట. ముందు నేను అనుకున్నది, చీఫ్ గారి అబద్ధం ఆమెకు దెబ్బ అని. తిరగేసి చూస్తే అది కాదు. కథ అబద్ధమైతే ఆమెకు పోయిందేమీ లేదు. తను ఎరిగిన తండ్రి తనకున్నాడు. నీళ్ళు ముంచుకోని తండ్రి. కథ నిజమైతేనే అసలు దెబ్బ. ఆయనకు ఒకరి జ్వరం తుడవడం వచ్చు, తన వంతు వదులుకోవడం వచ్చు. అదంతా ఇనప గొట్టంలో ఎవరి పిల్లాడికో పెట్టి, ఇంటికి డీజిలు బట్టలు తెచ్చాడు. ఇంతకాలం ‘మా నాన్నకి ప్రేమ చూపించడం రాదు’ అని సరిపెట్టుకున్న పిల్లకి ‘వచ్చు, కానీ నీకు చూపించలేదు’ అని చెప్పినట్టవుతుంది. మర్రిపాలెం ఆవిడను ఆ కథ నిజమైనా కాకపోయినా ఓదార్చేదే. ఈ అమ్మాయిని నిజమే ఎక్కువ బాధపెట్టేది. అయితే ఇన్నాళ్ళూ నిజమా అబద్ధమా అని నేను వేసుకున్న ప్రశ్నే ఆ ఇంటికి పనికిరానిది.

చీఫ్ గారు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళారు, ఫ్యామిలీ పెన్షను పనిమీద. సైనిక పెన్షన్ల ‘స్పర్శ్’ ఆన్‌లైన్లో తల్లి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. పుట్టినతేదీ ఆధార్‌తో కలవడం లేదు. కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చుకుని ఒక్కో కాగితం సరిచేయించారు. కూతురు పక్కన కూర్చుని జిరాక్సులు అందిస్తూ తండ్రి మీద ఫిర్యాదులు చెప్పుకుపోయింది. ఆయన అడ్డు చెప్పలేదు, సమర్థించలేదు. మధ్యలో ఆయనే అందుకున్నారు. బోట్లోకి ఇంటినుంచి ఆవకాయ తెచ్చుకుని ఎవరికీ పెట్టకుండా బంకు కింద దాచుకునేవాడని, రమ్మీలో తొండి అని, గురక భరించలేక పక్కవాళ్ళు బూట్లు విసిరేవారని. “అదీ మా నాన్న” అంది ఆ అమ్మాయి. మగ్గు ఊసు ఎవరూ ఎత్తలేదు. బండి మీద తిరిగి వస్తూ నేను ఆయనకి ఇక బుద్ధి వచ్చిందనుకున్నాను. మళ్ళీ నెల మల్కాపురంలో ఒకాయన పోతే అదే ఆకుపచ్చ అంచు, అదే పెచ్చు. ఆ ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, తర్వాత అన్నం తింది.

మొన్న ఆయనే అన్నారు. “నేను పోయినప్పుడు ఆ కథ మాత్రం మా ఇంట్లో చెప్పకండి. మా ఆవిడ నవ్వుద్ది.” మరి ఏం చెప్పమంటారంటే, ఏమీ చెప్పొద్దు, ఫారాలు నింపండి చాలన్నారు. ఆయన సర్వీసు పుస్తకంలోనూ భార్య ఇంటిపేరు పెళ్ళికి ముందుదే ఉందట. అది ఎలా మార్పించాలో, ఏ అఫిడవిట్ ఎక్కడ జతచెయ్యాలో ఆదివారాలు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాను.