వైరాగ్యం ఎవరి వంతు?

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా 65వ నంబరు జాతీయ రహదారి వెంట, లోపలికి వెళితే పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు, ఏదైనా మందుల కంపెనీలో వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఉందంటే పొద్దున్నే గేటు ముందు వరస కడతారు. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, డిప్లొమా, ఐటీఐ చదివిన పిల్లలు. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, ఒంటిమీద లేత రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా. షేర్ ఆటో దిగగానే జేబురుమాలు తీసి బూట్ల మీది దుమ్ము తుడుచుకోవడం కనిపిస్తుంది. టై కట్టుకోవాలా, బ్లేజర్ కావాలా, జీన్స్ నడుస్తుందా అన్న ప్రశ్నలు పైకి బట్టల కొట్లో తేలిపోయేవిగానే ఉంటాయి. కానీ వాటి అడుగున ఒక ధర్మసందేహం ఉంది. మనిషి విలువ కట్టుకున్న బట్టలో లేదని చిన్నప్పటి నుంచి అన్ని మతాలవాళ్లమూ వింటూనే పెరిగాం. అలాంటప్పుడు, మన విలువ తేల్చే గదిలోకి ఇస్త్రీ మడతలు సరిచూసుకుని వెళ్లడం ఆత్మవంచన కాదా? కాదంటాను. బట్టలను బట్టి మనిషిని కొలవొద్దన్న నీతి కొలిచేవాడికి చెప్పింది. కొలతకు నిలబడ్డవాడి నెత్తిన దాన్ని పెట్టడం అన్యాయం.

ఈ నీతి ఎవరిని ఉద్దేశించిందో చూస్తే సంగతి తేటపడుతుంది. 1924లో మెదక్ చర్చి వెలసిన ఈ మెతుకుసీమలో బైబిల్‌లోని యాకోబు పత్రిక తెలిసినవాళ్లు తక్కువేం కాదు. దాని రెండో అధ్యాయంలో బంగారు ఉంగరంతో, మేలైన బట్టలతో వచ్చినవాణ్ని మంచిచోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ని నిలబెట్టే సంఘాన్ని మందలించడం ఉంది. మందలింపు పడింది ఆసనాలు పంచేవాళ్ల మీదే. ఆ పేదవాణ్ని ఒక్క మాటా అనలేదు. ఖురాన్ ఏడో అధ్యాయం ప్రార్థనకు వెళ్లేటప్పుడు చక్కగా తయారవమంటూనే, మితిమీరవద్దనీ హెచ్చరిస్తుంది. మన పెద్దలు మనిషికి మన్నన తెచ్చే అయిదు వకారాలు లెక్కపెట్టి, విద్య, వినయం, వాక్కుల పక్కనే వస్త్రానికీ చోటిచ్చారు. పటాన్‌చెరు ఒకప్పుడు జైన క్షేత్రం. కల్యాణి చాళుక్యుల కాలపు జైన శిల్పాలు అక్కడ దొరికాయి. బట్టనే వదిలేసిన దిగంబర మునులను కొలిచే ఆ మతం కూడా మునికి మహావ్రతాలు, గృహస్థుకు అణువ్రతాలు అని విడదీసింది. ఇల్లు నడపాల్సినవాణ్ని బట్టలు విడవమని అడగలేదు. ఎవరి నుంచి ఎంత త్యాగం కోరాలన్న వివేకం మన సంప్రదాయాల్లో ఉంది. మనమే దాన్ని మరిచి, అందరికీ ఒకే కొలత పెడుతున్నాం.

దీనికి మొదటి అభ్యంతరం మన సాహిత్యం నుంచే వస్తుంది. శంకరులదిగా చెప్పే భజగోవిందం జడలు, బోడి తలలు, కాషాయాలు అన్నీ పొట్టకూటి వేషాలేనని ఎత్తిపొడుస్తుంది. పైపై ఆడంబరాన్ని వేమన కడిగిపారేశాడు. ఇంటర్వ్యూ చొక్కా కూడా పొట్టకూటిదే కదా అని అడగవచ్చు. అయితే ఈ కవులు ఈసడించింది లేని వైరాగ్యాన్ని ఉన్నట్టు చూపే వేషాన్ని. బట్ట అబద్ధమాడినప్పుడే దోషం. ఉతికి ఇస్త్రీ చేసిన నూలు చొక్కా తన యజమాని గురించి చెప్పే సంగతి ఒక్కటే: ఈ పనికి, ఈ మనుషులకు విలువ ఇచ్చి వచ్చాడని. అది నిజం కూడా. ప్రొడక్షన్ కెమిస్ట్ ఉద్యోగం కోసం మే నెల ఎండలో అద్దె బ్లేజర్ తొడుక్కుని చెమటలు కక్కుతూ కూర్చోవడం పాపమేమీ కాదు, కానీ వ్యర్థం. రేపు తాను కూర్చోబోని గది గురించి ఆ బ్లేజర్ మాట్లాడుతుంది. చాలాసార్లు ప్రశ్నలు అడిగే మేనేజరే ప్లాంటు నుంచి యూనిఫాంలో లేచి వస్తాడు.

ఆ ప్లాంటులో బట్టలకు జరిగే మర్యాద ఏమిటో తెలిస్తే వాదం ఇంకా బలపడుతుంది. మందుల తయారీ బ్లాకులోకి వెళ్లే చేంజ్ రూములో అడ్డంగా ఒక బెంచీ ఉంటుంది. బయటి చెప్పులు ఇవతలే వదలాలి. బెంచీ మీద కూర్చుని కాళ్లు అవతలికి తిప్పి, లోపలి పాదరక్షలు తొడుక్కోవాలి. ఉంగరం, గడియారం, గొలుసు తీసేయాలి. తలకు టోపీ, ముక్కుకు మాస్కు, గడ్డం ఉంటే దానికీ ముసుగు. టొలూయిన్, మిథనాల్ లాంటి సాల్వెంట్లు వాడేచోట సింథటిక్ బట్ట రాపిడికి పుట్టే నిప్పురవ్వ చాలు ఆవిరి అంటుకోవడానికి, అందుకే నూలు దుస్తులు, యాంటీ స్టాటిక్ బూట్లు. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించే, దానికి నూనె వేసే పనివాడికి ఒంటికి అతుక్కునే దుస్తులు ఉండాలని, వాటిని యాజమాన్యమే ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసింది. ఇక్కడ ఎవరి హోదా ఎంత అన్నది బట్టల్లో కనపడదు. ఊరూ పేరూ తెలియని రోగి కడుపులోకి మన వెంట్రుక పోకూడదు, పక్కవాడి ప్రాణానికి మన చొక్కా ముప్పు కాకూడదు. వస్త్రధారణ ఎదుటివాడి పట్ల బాధ్యత అని ఇంతకంటే స్పష్టంగా ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఇంటర్వ్యూ గదిలో చూడదగ్గదీ ఆ బాధ్యతే. గోళ్లు శుభ్రంగా ఉన్నాయా, మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని వచ్చాడా అన్నది పనికి సంబంధించిన విషయం. చొక్కా బ్రాండు, బూటు ఖరీదు, టై ముడి పనికి సంబంధించినవి కావు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఫార్మల్ డ్రెస్ అన్నదే దొరల అలవాటు, పేదవాడు దానికి ఎందుకు లొంగాలి అని. గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టాడు. 1931లో ఇంగ్లండు రాజును కలవడానికీ ఆ తీరులోనే వెళ్లాడు. మరోవైపు అంబేద్కర్ 1927 డిసెంబరులో మహద్‌లో దళిత స్త్రీలతో, అంటరానితనానికి గుర్తుగా మిగిలిన కట్టూ నగలూ వదిలేసి, చీర నిండుగా కట్టుకోమని చెప్పాడు. ఆయన సూటు ఈరోజు మన ఊరూరి కూడలిలో నీలిరంగు విగ్రహమై నిలబడింది. ఇద్దరిలో ఎవరు ఒప్పు అన్న తగాదా అనవసరం. గాంధీ బారిస్టరు సూటు తొడిగి చూసినవాడు, కనుక వదలగలిగాడు. తరతరాలుగా మంచి బట్టే నిషేధమైనవాళ్లకు అది కట్టుకోవడమే ఆత్మగౌరవం. ఇల్లు మొత్తంలో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల కొత్త చుడీదార్ వేసుకుని ఇంటర్వ్యూకు వస్తే, అది లొంగుబాటు అనే హక్కు మనకు లేదు. అయితే అభ్యంతరంలో సగం నిజముంది. ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చి కాంట్రాక్టరు చేతుల మీదుగా చేరే కూలీని బట్టల గురించి ఎవరూ అడగరు, ఒంట్లో సత్తువే చూస్తారు. ఇంటర్వ్యూ దాకా రాగలిగినవాడికే ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆ మెట్టు దగ్గర కూడా బట్టల ఖరీదును కొలబద్ద చేస్తే, చదువు తెరిచిన తలుపును చొక్కా మూసేసినట్టే.

మతచిహ్నం మాటేమిటి? కార్తీకంలో మండల దీక్షలో ఉన్న కుర్రాడు నల్లబట్టలు, మాల, గడ్డంతో, చెప్పుల్లేకుండా వస్తాడు. ఒకమ్మాయి హిజాబ్‌తో వస్తుంది. ఇంటర్వ్యూ గదిలో ఇవి తప్పుగా లెక్కపెట్టాల్సినవి కావు. అవి అబద్ధం చెప్పడం లేదు, పైగా వ్రతనియమాన్ని నలభయ్యొక్క రోజులు పట్టి నిలబెట్టేవాడిలో నిగ్రహం ఉందనుకోవచ్చు. కానీ షాప్‌ఫ్లోర్ మీద ఉత్త కాళ్లు కుదరవు, ఎవరికైనా సేఫ్టీ బూట్లు తప్పవు. చేరే తేదీ దీక్ష తర్వాతకు పెట్టగలరా అని కుర్రాడు ముందే అడగాలి, యాజమాన్యం సూటిగా జవాబివ్వాలి. నమ్మకాన్ని గౌరవించడం, ప్రాణభద్రత నియమాన్ని పాటించడం రెండూ ఒకే నిజాయతీలో ఇమడగలవు.

చివరగా లోకజ్ఞానం తెలిసినవాళ్ల మాట: మనుషులు బట్టలు చూడక మానరు, నీతి ఎంత చెప్పినా తొలిచూపు తొలిచూపే. ఒప్పుకుంటాను. అందుకే తీర్పరికి నియమం కావాలంటున్నాను, కళ్లు బట్ట మీదికి పోనివాడికి ఆ నియమంతో పనే లేదు. ప్రకటనలోనే శుభ్రమైన మామూలు బట్టలు చాలని ఒక ముక్క రాయవచ్చు. వచ్చినవాళ్లందరినీ ఒకే ప్రశ్నలు అడగవచ్చు, టైట్రేషన్ గురించో, బ్యాచ్ రికార్డు గురించో మాట మొదలుపెట్టవచ్చు. అభ్యర్థి వైపు లెక్క ఇంకా చిన్నది: రేపు పనికి వేసుకొచ్చే బట్టల కంటే ఒక్క మెట్టు పైన, అప్పు చేయాల్సిన మెట్టుకు ఒకటి కింద. అంతకుమించి వైరాగ్యం చూపాల్సింది జీతం ఇంకా చేతికి రానివాడు కాదు, ఆ జీతం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి కుర్చీలో కూర్చున్నవాడు.