బంగారు రంగు డబ్బా

శ్రావణ శుక్రవారాలు దగ్గరపడ్డాయి. ఈ వ్యాసం మీ చేతికందే వేళకు చాలా ఇళ్ళలో కుందులు, కలశం చెంబు, హారతి పళ్ళెం అటక దిగి చింతపండు గుజ్జు కోసం ఎదురు చూస్తుంటాయి. వాటి గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. నా గొడవంతా సింహద్వారం గురించే. అమ్మవారు ఆ దారినే వస్తుందని గడపకు పసుపు రాస్తాం, మామిడాకులు కడతాం. ఆ తలుపుకున్న ఇత్తడి గొళ్ళెం, పిడి, బందుల వంక మాత్రం చూడం.

చూసినవాళ్ళు చేసే పని ఇంకా ఘోరం. బజార్లో బంగారు రంగు స్ప్రే డబ్బా దొరుకుతోంది. చిలుము మీదే కొట్టేస్తే రెండు నిమిషాల్లో తళతళ. పాత ఇళ్ళలోనైతే రంగులేసేవాళ్ళు తలుపుతో పాటే గొళ్ళేనికీ ఎనామిల్ పూసేసి వెళ్తారు. పొర మీద పొర పేరుకుపోయి, కింద ఉన్నది ఇత్తడో ఇనుమో ఆ ఇంటివాళ్ళకే తెలియకుండా పోతుంది.

రామకృష్ణ పరమహంస గురువు తోతాపురి లోటా కథ మీకు తెలిసిందే. అంత సిద్ధి పొందాక కూడా రోజూ ఈ ధ్యానమెందుకని రామకృష్ణులు అడిగితే, ఆయన నిగనిగలాడే తన ఇత్తడి లోటా చూపించాడు. రోజూ తోమకపోతే ఇది ఇలా ఉంటుందా అన్నాడు. లోటా బంగారానిదైతేనో అని పరమహంస తిరిగి అడిగారు. ఆ మాట ఆయన నోట చెల్లింది. మనం దాన్ని పట్టుకుని అందరం బంగారు లోటాలమే అనుకుంటున్నాం. అనుకోవడానికి కావలసిన రంగు డబ్బా ఎలాగూ దొరుకుతోంది. భక్తిలోనూ అంతే. లోపలి కోపాన్ని అలాగే ఉంచి మీద మాల వేసుకుంటున్నాం. వరలక్ష్మీ వ్రతం రోజున చారుమతి కథ చదువుతూ బంగారు గోడల పట్నం దగ్గర ఆగి మురుస్తాం. ఆ ఇల్లాలు ప్రాతఃకాలంలోనే లేచి ఇంటిపనులు చూసుకునేదన్న మాట దగ్గర మాత్రం గొంతు పరుగెడుతుంది.

సరే, పని సంగతి. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది ఇనుము మీద పూత. దాన్ని రుద్దితే ఉన్న పూతా పోతుంది. అతుక్కోకపోతే అది ఇత్తడేనా అన్నది తేలాలి. ఎవరికీ కనిపించని మూల కాస్త గీకి చూడండి; పసుపు లోహం బయటపడితే ఇత్తడే. అప్పుడు మరలు విప్పి గొళ్ళెం కిందికి దించండి. రంగు పొరలుంటే, వంటకు మళ్ళీ వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, చాకలి సోడా వేసి, సన్నని సెగ మీద మరిగించండి. రంగు మెత్తబడి ఊడుతుంది. గరుకు కాగితంతో పొడిగా మాత్రం రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు చాలా చెడ్డది.

ఆ తర్వాతే చింతపండు, ఉప్పు. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, మనం పడే చాకిరీ తగ్గుతుంది. మెరుపు ఇంకా కావాలంటే జల్లించిన మెత్తని ముగ్గుపిండి చాలు. రాత్రంతా పులుపులో నానబెట్టి పడుకుంటే మరింత మెరుస్తుందని కొందరి ఆశ. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసినది; పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపైన తుత్తునాగం కరిగిపోయి రాగి ఎరుపు తేలుతుంది. కటిక ఉపవాసాలు చేసి ఇంటిల్లిపాది మీదా విసుక్కునేవాళ్ళు నాకు ఇక్కడ గుర్తొస్తారు. కడిగాక తడి లేకుండా తుడిచి, కొబ్బరినూనె చేత్తో పల్చగా రాస్తే గాలి తొందరగా నల్లబరచదు. దేవుడి విగ్రహాల జోలికి మాత్రం ఈ ఉత్సాహంతో వెళ్ళకండి. ఏళ్ళ తరబడి పొడులతో గట్టిగా రుద్దితే కనుముక్కు తీరే అరిగిపోతుంది.

ఇంత పని ఎవరు చేస్తారంటే, అన్ని వేళ్ళూ ఆడవాళ్ళ వైపే చూపిస్తాయి. కానీ తిరుమల సంగతి చూడండి, అక్కడ ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారాల్లో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి గర్భగుడి గోడలు, పైకప్పు, పూజాసామగ్రి అన్నీ శుద్ధి చేస్తారు. ఆ పైన కర్పూరం, కస్తూరి పసుపు, చందనం, కిచిలిగడ్డ కలిపిన పరిమళ జలం చల్లుతారు. అక్కడా వరస అదే, ముందు శుభ్రం, తర్వాతే సువాసన. పైగా గర్భగుడిలో ఆ పనికి అర్చక స్వాములూ చేయి వేస్తారు. కాబట్టి అయ్యలారా, గొళ్ళెం మరలు విప్పడానికి శ్రీమతి గారే స్టూలెక్కక్కర్లేదు. శుక్రవారం రేపనగా రాత్రి పదింటికి చింతపండు ఎక్కడుందని ఆవిడను లేపకండి. ఆ డబ్బా ఎక్కడుంటుందో ఇవాళే కనుక్కోండి.