దూరమును ధర్మమును

కలకత్తాకును టెహరానుకును నడుమ దూరమెంత? భూగోళముమీద ఆ రెండు నగరములను కలుపు అతి హ్రస్వమైన రేఖ దాదాపు 3,850 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగముతో తిన్నగా పోవు విమానమునకు అది ఇంచుమించు నాలుగున్నర గంటల దారి. టెహరాను గడియారము భారతదేశపు గడియారముకంటె రెండు గంటలు వెనుకబడి యుండును గనుక, దిగినవాని లెక్కకు రెండున్నర గంటలే గడచినట్లు తోచును. ఈ సంఖ్యలు నిజములే. కాని అవి దారి పొడవును చెప్పునే గాని, మనుష్యునికి మనుష్యుడు ఎంత దూరమో చెప్పవు.

పదునాలుగవ శతాబ్ది చివర వంగదేశపు సుల్తాను గియాసుద్దీన్ ఆజమ్ షా షీరాజు కవియగు హాఫిజును తన ఆస్థానమునకు ఆహ్వానించెననియు, కవి రాలేక ఒక గజలును పంపెననియు ఐతిహ్యము కలదు. అది ఒంటెల నడకయు ఓడల గాలియు దూరమును కొలిచిన కాలము. కవి రాలేదు, కవిత్వము వచ్చి నిలిచెను. నాలుగు శతాబ్దములకు పైగా గడచిన పిమ్మట రవీంద్రనాథుని తండ్రి దేవేంద్రనాథ ఠాకూరు హాఫిజు పద్యములను కంఠస్థము చేసి ఆనందించెడివాడు. విమానము పుట్టకమునుపే ఆ యింటికి షీరాజు పొరుగూరయ్యెను.

1932 ఏప్రిల్ నెలలో, డెబ్బది యేండ్ల వయస్సున, రవీంద్రుడు రెజా షా ఆహ్వానముపై కలకత్తాలో విమానమెక్కి, ఇరాను తీరమందలి బుషెహరులో దిగెను. అచ్చటినుండి షీరాజు, ఇస్ఫహానుల మీదుగా మోటారులో టెహరాను చేరెను. దారిలో హాఫిజు సమాధిని దర్శించెను. ఆ యాత్రను గూర్చిన రచనలో ఆయన ఒక భయమును తెలిపెను. విమానము పైకి పోయినకొలది భూమి రూపము మాయమగును; కంటికి రూపము లేనిదానిపై మమతయు నిలువదు; అప్పుడు క్రిందివారిని చంపుట చేతికి బరువు కాదు. ఇది ఊహమాత్రము కాదు. అదే యాత్రలో బాగ్దాదునందు, బ్రిటిషు వైమానికదళపు మతాచార్యుడొకడు, తమవారు కొన్ని గ్రామములపై ప్రతిదినము బాంబులు వేయుచున్నారని ఆయనతో చెప్పెను.

అట్లని విమానమును నిందించి ఊరకుండుట న్యాయము కాదు. 2003 డిసెంబరు 26న ఇరానులోని బామ్ నగరము భూకంపమునకు కూలినప్పుడు, అనేక దేశముల రక్షణబృందములు విమానములలోనే అచ్చటికి చేరెను. ఎగిరినది ఒకే విధమైన యంత్రము. ఒకచోట క్రిందివారు కనబడలేదు, మరొకచోట కనబడిరి.

పూర్వము వార్త చేరునప్పటికే చితి చల్లారెడిది. నాటివాడు 'దూరము' అన్నచో అది సాకు కాదు, సత్యము. ధర్మము శక్తికి మించి అడుగదు. కాని శక్తి పెరిగినచో అది అడుగునదియు పెరుగును. నాలుగున్నర గంటల దూరమున నున్నవాడు పొరుగువాడే. పొరుగింట నిప్పంటుకొన్నప్పుడు దూరమని రాలేదనుట చెల్లదు.

లోకమంతయు పొరుగైనచో అందరి దుఃఖమును మోయగలవాడెవ్వడని ఆక్షేపింపవచ్చును. ఎవ్వడును మోయలేడు, చేయగల సాయమునకు మితి యుండకతప్పదు. కాని క్రింద నున్నవి ఇండ్లని, ఇండ్లలో మనుష్యులున్నారని మరువకుండుటకు సంపద అక్కరలేదు, బలము అక్కరలేదు. ప్రయాణకాలము ఎంత తగ్గినను, ఆ జ్ఞాపకము లేనివానికి టెహరాను చేరువ కాదు. అది యున్నవానికి, ఆకాశమున నున్నప్పుడును, భూమి దూరము కాదు.