బలము తగ్గినప్పుడు

దేహబలము తరిగిపోవునప్పుడు నేర్పు దాని లోటును తీర్చగలదా?

జపానులో కనో జిగోరో 1882లో స్థాపించిన జూడో విద్యలో, ముందు ఎదుటివాని నిలుకడ తప్పించి, పిమ్మట పడవేయుదురు. 1883లో పుట్టిన మిఫూనె క్యూజో పొట్టివాడు, బక్కపలుచనివాడు. అయినను డెబ్బది యేండ్లు దాటి తనకంటె పడుచువారిని పడవేయుట 1955 నాటి చలనచిత్రములో చూడవచ్చును. చీనాదేశపు తాయ్ చీ సాధకులును తాకిన చేతితోనే ఎదుటివాని ఒత్తిడిని గుర్తెరిగి, దానిని ప్రక్కకు మళ్లింతురు.

గనుక నేర్పు కొద్ది బలమును పొదుపుగా వాడును. అయితే బలమే అక్కరలేదనుట సత్యము కాదు. కండ కరుగును, అడుగు ఆలస్యమగును. నేర్పు సమానమైనచోట బలవంతునిదే పైచేయి.

ఇక్కడనే ఒక ప్రమాదమున్నది. గురువు చెయ్యి సరిగా తగలకముందే శిష్యుడు మర్యాదకొరకు పడిపోయినయెడల, అది గౌరవమా, అబద్ధమా? అట్టి మర్యాదవలన గురువు తన స్థితిని ఎరుగడు, శిష్యునికి విద్య దక్కదు. మన యిండ్లలోను పెద్దలయెదుట తల ఊపి, వారి చాటున నవ్వుకొనుట లేదా?

ఎనుబది యేండ్ల బర్జిల్లయి, రాజు పిలిచినను, తన ముదిమిని దాచక చెప్పి, తనకు మారుగా కింహామును పంపెను (2 సమూయేలు 19). తన కొరతను ఒప్పుకొని పిన్నవానికి చోటిచ్చుటయు ఒక నేర్పే. బలము పోయినను అది నిలుచును.