నాది, మాది, మనది

ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట మనకి రెండున్నాయి. "మా ఇల్లు" అంటే ఎదుటివాళ్ళని గుమ్మంలో నిలబెట్టినట్టు. "మన ఇల్లు" అంటే లోపలికి పిలిచి పీట వేసినట్టు. ఇంత సున్నితమైన తేడా తెలిసిన మనకి "నాది" అనడం మాత్రం ఎందుకో సిగ్గు. ఆడవాళ్ళకి మరీను. కూర బాగుందని ఎవరైనా అంటే, "ఏదో, వంకాయలు లేతవి లెండి" అనేస్తాం.

ఆ సిగ్గే రాజమండ్రిలో మా బంధువులమ్మాయికి అడ్డం పడింది. గంజి వార్చేటప్పుడు చెయ్యి కాలకుండా గిన్నెకి తగిలించే చిన్న పరికరమొకటి తయారుచేసిందా పిల్ల. తండ్రి పేటెంటు తీసుకోమన్నాడు. మామ్మగారు మాత్రం, "నలుగురికీ పనికొచ్చేదానికి నాదని చీటీ అంటించుకుంటావుటే?" అని బుగ్గలు నొక్కుకుంది. "పిన్నీ, ఇది స్వార్థమా?" అని నన్నడిగింది పిల్ల.

మామ్మగారి మాట కొట్టిపారేసేది కాదు. నాదనకూడనివి లోకంలో చాలా ఉన్నాయి. పసుపే తీసుకోండి. గాయానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చేశారు! మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి అభ్యంతరం చెబితే 1997లో రద్దయింది. రద్దు చేయించినవి మన అమ్మమ్మల నోటిమాటలు కావు. పాత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసమూ. తరతరాలుగా వంటింట్లో తెలిసిన సంగతి కూడా కాగితం మీద లేకపోతే సాక్ష్యానికి నిలవలేదన్నమాట. అంచేత "మనది" అనుకున్నదాన్ని కూడా ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి.

ఇక "మాది". ఆత్రేయపురం పూతరేకు ఉంది. బోర్లించిన వేడి కుండ, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క లాగు. పొర లేస్తుంది. మొదట ఏ ఇల్లాలి చేతికి తట్టిందో ఆ విద్య! ఒకరి పేరు పెట్టడానికి లేదు గనక 2023లో ఆ ఊరి పేరునే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఇంటిపేరులాంటిది. ఆ గుర్తింపుకి తగ్గట్టు చేసేవాళ్ళంతా వాడుకోవచ్చు గానీ, ఎవరూ అమ్ముకోడానికి లేదు. పదేళ్ళకోసారి తిరగరాయించుకుంటూ ఉండాలి.

మరి నిజంగా ఒక్కరి బుర్రలోనే పుట్టినదాని మాటేమిటి? పేటెంటంటే దాచుకోవడమని మనలో చాలామంది భయం. నిజానికది చెప్పేయడం. ఎలా చేశామో ఇంకొకరు చేసుకోగలిగేంత వివరంగా రాసివ్వాలి. అందుకు బదులు ఇరవయ్యేళ్ళ హక్కు. ఆ తరవాత లోకమంతటిదీ. అంటే నాది అని మొదలై మనదిగా ముగుస్తుంది. ఆవకాయ కొలతలు ఎవరికీ చెప్పకుండా దాటిపోయిన అత్తగారికంటే ఇది నయం కాదూ?

"మరి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పేరుకోసం పాకులాడారా?" అంది మామ్మగారు. లేదు. మహానుభావుడు. కానీ ఆయన పరిశోధనలకి అధిపతిగా ఉన్న చోట బయటపడ్డ ఆరియోమైసిన్ మందు లోకానికి ఊరికే పోలేదు. ఆయన 1948లో పోయారు. మరుసటేడు డగ్గర్ అనే సహచరుడి పేర పేటెంటు వచ్చింది. హక్కు కంపెనీకి చెందింది. మనం నాదనకపోతే అది మనదైపోతుందన్న హామీ ఏమీ లేదు. ఇంకొకరు నాదనొచ్చు.

దానం చెయ్యాలన్నా ముందు చేతిలో ఉండాలి కదండీ. హక్కున్న మనిషి కావాలంటే బీదవాళ్ళకి ఉచితంగా వాడుకోమనగలదు. ఒకరికి తక్కువకీ మరొకరికి ఎక్కువకీ ఇవ్వగలదు. రుసుము కట్టడం మానేసి వదిలెయ్యనూగలదు. హక్కు లేని మనిషికి ఔదార్యం చూపే అవకాశం కూడా ఉండదు.

అందుకే ఆ పిల్లతో ఒకటే చెప్పాను. ముందు ఇలాంటిది ఎక్కడా లేదని వెతికించు. ఫోనులో పదిమందికి వీడియో పంపకముందే చెన్నైలోని పేటెంటు కార్యాలయానికి దరఖాస్తు పెట్టు. పనింకా పూర్తి కాకపోతే తాత్కాలిక వివరం ఇచ్చి, ఏడాదిలోగా పూర్తి వివరం ఇవ్వచ్చు. నలుగురికీ తెలిశాక వెడితే, అది కొత్తది కాదు పొమ్మంటారు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు తల్లి ఆసు పోస్తూ పడే బాధ చూశారు. ఒక్క చీర కోసం ఆవిడ వేలసార్లు చెయ్యి ఆడించాలి. భుజాలు పడిపోయేవి. ఏళ్ళతరబడి తంటాలుపడి 1999లో ఆ పని చేసిపెట్టే యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి పేటెంటు వచ్చింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పేటెంటు ఉందని ఆ యంత్రం ఆయన ఇంట్లోనే ఉండిపోలేదు. ఎందరో నేతగాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ భుజాలకి విశ్రాంతి ఇచ్చింది. దాని పేరు లక్ష్మి ఆసు యంత్రం. లక్ష్మి ఆయన తల్లి పేరు.

"నాది" అన్న మాటలో ఇంత చోటుంటే, అనడానికి సిగ్గెందుకు?