సముద్రములో సమాధి తగునా?



అరసికెరె, పావగడ ప్రాంతము విడిచి విదేశములలో స్థిరపడిన మనవారిలో ఒకరిద్దరు తమను సముద్రములో సమాధి చేయవలెనని కోరుచున్నారు. ఇక్కడి తల్లిదండ్రులకు ఆ మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. మన ఊళ్లలో సముద్రము చూడనివారే ఎక్కువ. భూస్థాపన అను మాటలోనే భూమి ఉన్నది గదా!

విశ్వాసమునకు ఇందులో అడ్డు లేదు. సముద్రము కూడ తనలోని మృతులను అప్పగించునని ప్రకటన 20వ అధ్యాయములో చదువుచున్నాము. పైగా బాప్టిస్టులము, నీటిలో ఒకసారి పాతిపెట్టబడినవారమే. బైబిలును బర్మా భాషలోనికి తెచ్చిన అదోనిరామ్ జడ్సన్ గారు 1850 ఏప్రిల్ 12న ఓడలో మరణించిరి. పలకలతో పెట్టె చేసి, మునుగుటకై బకెట్లతో ఇసుక పోసి, ఆ రాత్రియే సముద్రములో దించిరి. ఆయనకు కలిగిన నష్టమేమియు లేదు. అయితే మౌల్మేనులో ఉన్న భార్య ఎమిలీకి ఆ వార్త చేరుటకు సుమారు నాలుగు నెలలు పట్టినది. అన్ని దినములు ఆమె భర్తకొరకు ఎదురుచూచుచునే ఉన్నది. చూచుటకు సమాధియు లేదు. భారమంతయు బ్రతికియున్నవారిదే.

ఇక ఏర్పాట్ల సంగతి. అమెరికాలో తీరమునకు కనీసము 3 నాటికల్ మైళ్లు, అనగా అయిదున్నర కిలోమీటర్ల అవతల, 600 అడుగుల లోతున దింపవలెను. ఫ్లోరిడా వైపు కొన్నిచోట్ల 1,800 అడుగులు. తరువాత 30 రోజులలోపు పర్యావరణ పరిరక్షణ సంస్థకు తెలియజేయవలెను. ఇంగ్లండులో ముందే లైసెన్సు కావలెను. పెట్టెకు రంధ్రములు చేసి బరువు కట్టవలెను, లేనిచో తేలును. ప్లాస్టిక్ పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. శవమును విమానములో ఇండియాకు పంపవలెనంటే, చెడిపోకుండ మందు ఎక్కించి, ఎంబామింగ్ సర్టిఫికెటు చూపవలెను. ఇంగ్లండులోనైతే అట్లు మందు ఎక్కించిన శవమును సముద్రములో దింపనివ్వరు. కనుక మొదటి రోజే ఏదో ఒకటి తేల్చుకొనవలెను. ఆ రోజున ఏడ్చుచున్న భార్య ఒకవైపు, ఫోనులో తల్లి ఒకవైపు ఉంటే తీర్పు చెప్పునదెవరు?

చనిపోయినవాని కోరిక గొప్పదే. అయినను, తల్లి బ్రతికియుండి ఆమె ఒప్పుకొననియెడల, ఆ కోరికను పక్కన పెట్టవచ్చునని మా అభిప్రాయము. కొందరు సంఘపెద్దలు దీనికి ఒప్పుకొనరు. మాట ఇచ్చితిమి గదా అందురు. ఆ మాట ఇచ్చునప్పుడు తల్లిని అడిగిరా అన్నదే మా ప్రశ్న. కోరిక గలవారు సెలవులకు ఊరికి వచ్చినప్పుడే, కాగితము మీద వ్రాయకముందే, ఆమె ఎదుట కూర్చుండి చెప్పవలెను. ఆమె సరేనన్నచో, దింపిన చోటి అక్షాంశ రేఖాంశములను పడవవారి వద్ద వ్రాయించుకొని ఒక ప్రతి ఆమెకు పంపుడి. మరియొకటి మన సంఘపు రిజిస్టరులో ఎక్కించెదము.