పండుగ పళ్లెంలో ఎవరి ఆరోగ్యం?

పండుగనాడు ఏమి వండితే ఆరోగ్యం? నూనె తగ్గించాలి, తీపి తగ్గించాలి, కూరగాయలు పెంచాలి అని నేడు ప్రతి ఇంటా వింటున్నాం. మంచి మాటే. కాని ఎవరి ఆరోగ్యం అన్న ప్రశ్న అడిగేవారు తక్కువ.

పంట ఇల్లు చేరాక, సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో యూదులు ఏడు దినాలు పర్ణశాలల పండుగ చేసుకొంటారు. ఆకుల పందిరి క్రింద కుటుంబమంతా కూర్చుండి భుజిస్తుంది. దానిమ్మ, ద్రాక్ష, అంజూరం, ఖర్జూరం, లోపల కూర కూరి వండిన కూరగాయలు ఆ పందిట్లో కనిపిస్తాయి. ఆరోగ్యానికి మేలైన భోజనమే. అయితే ద్వితీయోపదేశ కాండము 16వ అధ్యాయం ఈ పండుగకు ఏమి వండాలో చెప్పదు, ఎవరితో కలిసి సంతోషించాలో చెబుతుంది: పనివారు, పరదేశులు, అనాథలు, విధవరాండ్రు.

మన తెలుగునాట కూడ ఈ పండుగ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న యూద సమాజం 1991లో ప్రార్థనామందిరం కట్టుకొన్నది. వారిలో పలువురు వ్యవసాయ కూలీలు. అక్కడ పంట కోసిన చేయి, పండుగ ముద్ద కలిపే చేయి ఒక్కటే.

మరి మన చేవెళ్ల, మొయినాబాదులలో? ఇక్కడి టమాటా, క్యారెట్టు, ఆకుకూరలు తెల్లవారేసరికి హైదరాబాదు మార్కెట్లకు చేరుతాయి. వాటిని కోసి, కట్టలు కట్టిన అక్క పళ్లెంలో ఆ పూట ఏముంటుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూర పండే నేలలో ఈ మాట మనలను కలవరపెట్టాలి.

“డబ్బిచ్చి కొన్నాం కదా, ఇంకేమి బాకీ?” అనవచ్చు. లేవీయ కాండము 23వ అధ్యాయం పండుగల నియమాల నడుమనే, చేని అంచులు కోయక పేదలకు విడువుమంటుంది. అది యజమాని వేసే భిక్ష కాదు, పేదల హక్కు. పునీత తోమాసు అక్వినాసు తిండిపోతుతనాన్ని అతిగా తినడంతోనే సరిపెట్టలేదు. భోజనం మరీ శ్రేష్ఠంగా అమరాలన్న పట్టుదలనూ అందులోనే చేర్చాడు. నా ఒంటికి మేలైనదే కావాలని వెదకుతూ, పండించినవారి ఆకలిని మరచినా అదే దోషం.

కాబట్టి ప్రియులారా, ఈ పండుగకు జొన్నరొట్టె, పాలకూర పప్పు, క్యారెట్టు కూర తప్పక వండండి. ఆకుకూర కట్ట దగ్గర రూపాయికి బేరమాడకండి. చేనిలో కూలికి వచ్చిన వారికి తగిన కూలి ఆనాడే ఇవ్వండి. వారిని పిలిచి, మీ వరుసలోనే కూర్చోబెట్టి వడ్డించండి.